బాయిలో మా బాపు పేరు

ప్రాణహిత మీద వంతెన కట్టాక సిరోంచ నుంచి అవతలి ఒడ్డుకు పోవడం కునుకు తీసినంత సేపు. మొన్నొక పెళ్ళికని చెన్నూరు వైపు పోతుంటే దారిలో బస్సు ఆగింది. ఛాయ్ తాగుదామని దిగాం. హోటలాయన అప్పుడే బొగ్గుల పొయ్యి ముట్టించినట్టున్నాడు. బాయిలోంచి, అంటే గనిలోంచి తీసిన రాతిబొగ్గు అంటుకునేటప్పుడు పచ్చగా, చిక్కగా ఒక పొగ లేస్తుంది. దానికి కాలిన గంధకం వాసన. "ఛీ, ఏం వాసన అమ్మమ్మా!" అని మనుమరాలు ముక్కు మూసుకుని మళ్లీ బస్సెక్కేసింది. నేను మాత్రం గ్లాసులో ఛాయ్ చల్లారేదాకా ఆ పొయ్యి పక్కనే నిలబడ్డాను. మా బాపు నెలకోసారి ఇంటికి వచ్చినప్పుడు రెండు రోజులు మా ఇల్లంతా అదే వాసన.

మా ఊరు బామ్నికి దగ్గర, ఏటి ఒడ్డున. బాపు పని ఏటికి ఆవల, బొగ్గుబాయిలో. వానాకాలమైతే పడవ మీద, ఎండాకాలమైతే మోకాళ్ళ లోతు నీళ్ళలో నడిచి వచ్చేవాడు. ఆయన వచ్చే రోజు నేనూ అన్నా పొద్దున్నుంచే ఇసుకలో కాపు కాసేవాళ్ళం. అక్కడ పడవ నడిపే ముసలాయన, మా పడవతాత, పెట్టిన కర్బూజ తీగలుండేవి. బాపు రావడం ఆలస్యమైతే ఒక కాయ కోసుకుని తినేసి, తొక్కలు ఇసుకలో పూడ్చిపెట్టేవాళ్ళం. తాతకు అన్నీ తెలుసు. బాపు ఒడ్డుకు రాగానే "నీ పోరగాండ్లు ఈ నెల నాలుగు కాయలు పూడ్చిండ్రు, మొలుస్తయో ఏమో చూడాలె" అనేవాడు. బాపు నవ్వి ఒక కట్ట బీడీలు ఆయన చేతిలో పెట్టేవాడు.

బాపు సంచిలో పేపరులో కట్టిన బూంది ఉండేది. ఆ పేపరు కోసం నేను కొట్లాడేదాన్ని. మా ఒడ్డు మరాఠీ సర్కారుది కనుక బడిలో చదువంతా మరాఠీ. తెలుగు అక్షరాలు నాకు పడవతాతే ఆ నూనె కాగితాల మీద వేలు పెట్టి నేర్పాడు.

అవ్వ, అంటే మా అమ్మ, వాకిట్లో వేన్నీళ్ళు పెట్టేది. మొదటి కడవ పోస్తే నల్లగా పారేది, రెండోదీ నల్లగానే పారేది. "ఇంకెన్ని పొయ్యాలె? బాయినంత ఇంటికి తెచ్చినవా?" అని విసుక్కునేది. ఎంత రుద్దినా కంటిరెప్పల అంచులకు కాటుక పెట్టినట్టు ఆ నలుపు పోయేది కాదు. బాపు అన్నం తిని పడుకుంటే నేను గుడ్డకొస తడిపి ఆయన చెవిలో తిప్పి, వచ్చిన మసి అన్న ముక్కుకు పూసి పరుగెత్తేదాన్ని. ఆ రెండు రోజులు ఇంట్లో బొమ్మె చేపల పులుసు, జొన్నరొట్టె, ఇప్పపూలు వేయించి నువ్వులతో దంచిన ముద్దలు ఉండేవి. మధ్యమధ్య బాపు బయటికి పోయి దగ్గి వచ్చేవాడు. ఉమ్మిన చోట కాలితో మట్టి జరిపేవాడు, మేం చూడకుండా.

మా బాపుకు రెండు పేర్లు. ఊళ్ళో తల్లిదండ్రులు పెట్టిన పేరు, బాయిలో పటేలు పేరు.

పటేలంటే మా ఊరి కాపుదనపు ఇంటాయన. ఏటి ఒడ్డున వరి పొలాలు ఆయనవి. మా తాతా, బాపూ ఆ ఇంట్లోనే పాలేర్లుగా జీతమున్నారు. నేను పుట్టకముందు ఆవలి ఒడ్డున బాయి పనికి మనుషుల్ని తీసుకుంటున్నారంటే పటేలు పోయి పేరు రాయించుకుని లోపలికి దిగాడు. మూడో రోజో నాలుగో రోజో ఆయన పక్కన పనిచేసే మనిషి మీద కప్పు కూలింది. పటేలు ఆ మనిషి కాళ్ళు మాత్రమే చూశాడట. పైకొచ్చి, ఒంటి మీది మసి కడుక్కోకుండానే ఏరు దాటి ఇంటికొచ్చాడు. పేరు మాత్రం రిజిస్టరులో ఉండిపోయింది. సర్కారు కంపెనీ ఉద్యోగం ఊరికే పోనివ్వడమెందుకని, జీతగాడిని పిలిచి "నువ్వు పోరా, నా పేరు చెప్పు" అన్నాడు. బాపు పోయాడు. జీతంలో నాలుగో వంతు పటేలుకు. బాపుకు చదువు రాదు. జీతం తీసుకునే చోట పెట్టడానికి పటేలే ఒక సంతకం నేర్పాడు. బాపు తన జన్మలో రాయగలిగింది ఆ ఒక్క పేరే. తన పేరు రాయడం ఆయనకు రాదు.

ఒక ఎండాకాలం బడి సెలవుల్లో అవ్వా నేనూ బాపు దగ్గరికి పోయాం. అన్న మేకల్ని చూసుకోవడానికి ఊళ్ళోనే ఉన్నాడు. బాపు ఇంకో నలుగురితో కలిసి ఒక రేకుల గదిలో ఉండేవాడు. మేమొచ్చామని వాళ్ళు పక్క గదిలోకి పోయారు. అక్కడ నాకు అన్నిటికంటే వింతైంది, ప్రతి ఇంటి ముందూ కుప్పగా బొగ్గు ఉండడం. మా ఊళ్ళో అవ్వ పొయ్యిలోకి పుల్లలేరడానికి అడవికి పోతే జంగల్ గార్డు కొడవలి గుంజుకునేవాడు. ఇక్కడేమో బొగ్గు రాళ్ళలాగా కాళ్ళకు తగులుతోంది. నేను ఒక సంచి నిండా నింపాను. "ఏరు దాటిస్తవా దాన్ని?" అని అవ్వ నవ్వింది.

బాయి దగ్గరికి పోతే పైనున్న పెద్ద చక్రం తిరగడం లేదు. పంపు చెడిపోయి లోపల నీళ్ళు నిండాయట. సగం మంది చెట్టు నీడల్లో పేకాట ఆడుతున్నారు. ఆ ఏడు కంపెనీ ఎవరికీ బూట్లు ఇవ్వలేదు. బాపు బూటు ముందు భాగం నోరు తెరిస్తే సుతిలితాడుతో కట్టాడు. కింద కప్పుకు ఊతంగా పెట్టే దుంగలు కూడా రావడం లేదనీ, పాతవే పీకి మళ్ళీ పెడుతున్నారనీ చెప్పుకుంటున్నారు.

బాపు పక్క గదిలో ఒక ముసలి కార్మికుడుండేవాడు. తెల్లటి పెద్ద మీసాలు. మాపటేళ పొయ్యి ముందు కూర్చుని పేపరు చదివి అందరికీ అర్థం చెప్పేవాడు.

"మన జీతాలు బొగ్గుతోటి ఇస్తున్నరనుకుంటున్నర్రా? అప్పుతోటి ఇస్తున్నరు" అన్నాడు ఒకరోజు.

"గదెట్ల?" అన్నాడు బాపు.

"తీసే ఖర్చు ఎక్కువ, అమ్మే ధర తక్కువ. ధర మనం కట్టం, ఢిల్లీల కడతరు. కరెంటోల్లు బొగ్గు తీస్కపోతరు, పైసలు ఎప్పుడిస్తరో ఎవ్వలికి ఎరుక? కంపెనీ లాసుల పడ్డది. ఇగ అప్పు మీద అప్పు."

"మనం ఊకె సమ్మె జేస్తమని గుడ రాస్తరు గద పేపర్ల" అన్నాడు ఇంకొకాయన.

"రాస్తరు. ఒక పంపు చెడితె పదిహేను దినాలు బాయి బందు ఉన్నది, గది రాస్తరా? దొర బంగళాకు మొన్ననే సున్నం ఏసిండ్రు. మనకు బూట్లకు పైసలు లేవు." ఆయన మీసాల మీది ఛాయ్ తుడుచుకున్నాడు. "ముందు గీ పాత బాయిని మూస్తరు. చూస్కోండ్రి."

ఆ మర్నాడే జీతాల రోజు. పదిహేను రోజులు ఆలస్యంగా వచ్చాయట. కిటికీ ముందు పెద్ద వరస. లోపలి గుమాస్తా గట్టిగా పటేలు పేరు పిలిచాడు. "ఆఁ, వచ్చిన సారూ" అని మా బాపు ముందుకు పోయాడు. నాకు పకపకా నవ్వొచ్చింది.

"బాపూ, నిన్ను గాదు! గది పటేలు పేరు. పటేలు ఊర్ల ఉన్నడు గదా!"

అవ్వ నా తొడ మీద గిచ్చింది. ఆ గిచ్చుడుకు పడ్డ మచ్చ వారం దాకా పోలేదు. గుమాస్తా కళ్ళద్దాల మీదుగా నన్ను చూశాడు, బాపును చూశాడు. బాపు గొంతు సవరించుకుని "చిన్న పోరి సారూ, తెల్వక అంటున్నది" అన్నాడు. ఆయన గొంతు అంత సన్నగా అవడం నేనెప్పుడూ వినలేదు. గుమాస్తా ఏమనుకున్నాడో, కాగితం ముందుకు తోశాడు. "సంతకం పెట్టు. పోరికి జర నోరు మూసుడు నేర్పు." బాపులాంటి వాళ్ళు ఆ వరసలో ఇంకెందరున్నారో ఆయనకు తెలిసే ఉంటుందని పెద్దయ్యాక అనిపించింది.

కొడతాడనుకున్నాను. కొట్టలేదు. మిర్చిబజ్జీ కొనిచ్చి, నా ముందు గొంతుక్కూర్చున్నాడు. "ఈడ నేను గాయన్నే బిడ్డా. ఏరు దాటినంకనే నేను" అన్నాడు. బజ్జీ కారంగా ఉందని నేను ఏడ్చాను.

మీసాలాయన చెప్పినట్టే అయింది. వానలు పడకముందే పాత బాయి మూసేస్తున్నట్టు నోటీసు అంటించారు. మనుషుల్ని తగ్గించాలట. ఊపిరి జబ్బున్నవాళ్ళు, వయసు మళ్ళినవాళ్ళు డాక్టర్ల ముందు నిలబడి పనికిరారని రాయించుకుంటే వాళ్ళ కొడుక్కి ఇంకో బాయిలో పని ఇస్తారట. ఇదే ఆఖరు, కంపెనీ దగ్గర డబ్బు లేదు కనుక తర్వాత ఈ అవకాశమూ ఉండదట.

బాపు ఈ సంగతి చెప్పిన రోజు నుంచి అన్న నేల మీద నడవలేదు. అప్పటికి పద్దెనిమిదేళ్ళు. తలకు తువ్వాల చుట్టుకుని, మేకల కొట్టంలో చూరు కింద, బాయిలో నడిచినట్టు నడుం వంచి అటూ ఇటూ నడిచేవాడు. గోనెసంచిలో రాళ్ళు నింపి భుజానికెత్తుకునేవాడు. "మొదటి జీతంల నీకేం కావాలె?" అని నన్నడిగాడు. రిబ్బన్లన్నాను. "థూ, గంతేనా?" అన్నాడు.

అయితే కాగితాల మీద బాపు మా బాపు కాదు గదా. కొడుకంటే పటేలు కొడుకే. అన్న ఆ కొడుకు పేరు మీద పోవాలి. దానికి పటేలు ఒప్పుకోవాలి. బాపు రెండు పెద్ద బొమ్మె చేపలు తీసుకుని, అన్నను వెంటబెట్టుకుని పటేలు ఇంటికి పోయాడు. చేపల గంప నా నెత్తిన ఉంది కనుక నేనూ పోయాను.

పటేలు వాకిట్లో మంచం మీద ఉన్నాడు. మేం కింద కూర్చున్నాం. బాపు చెప్పిందంతా విని చాలాసేపు గడ్డం గోక్కున్నాడు.

"మా పిలగాన్నే పంపుదామనుకుంటున్న" అన్నాడు చివరికి.

బాపు ముఖం పాలిపోయింది. "చిన్న పటేలు బాయి పని జేస్తడా పటేలా? మీకే చేతగాకపాయె."

"చెయ్యక? పోయిన వానకు ఏరు నా పొలం ఎంత కోసుకపోయిందో నువ్వు జూడలేదా? వాడు చామోర్షిల చదివిన చదువు ఏడికి రాలే. నేను గుడ పరేషాన్‌ల ఉన్న." అది అబద్ధం కాదు. ఆయన పొలం గట్లు ఏట్లో కూలడం మేమంతా చూశాం. కానీ ఆయన అంతటితో ఆగలేదు. "అయినా ఇన్నేండ్లు నా పేరు మీద తింటివి గద. ఇంకెంత తింటవు?"

బాపు తల వంచుకున్నాడు. అన్న లేచి నిలబడ్డాడు.

"మా బాపు తిన్నది బొగ్గు, పటేలా. ఉమ్మితె గదే పడ్తున్నది."

బాపు కూడా లేచి అన్న చెంప మీద కొట్టాడు. ఆయన మమ్మల్ని కొట్టడం నేను చూసింది ఆ ఒక్కసారే. తర్వాత పటేలుకు దండం పెట్టి, "పోరడు, మనసుల వెట్టుకోకుండ్రి" అన్నాడు. చేపలు అక్కడే ఉంచి వచ్చేశాం. దారంతా అన్న ముందు, బాపు వెనక.

అర్జీకి ఫోటో కావాలన్నారు. ఉద్యోగం వదిలే తండ్రీ, తీసుకునే కొడుకూ కలిసి ఉన్న ఫోటో. బాయిలో పటేలంటే అందరికీ తెలిసిన ముఖం బాపుదే కనుక తండ్రిగా బాపే ఉండాలి. సిరోంచలో ఒక్కటే ఫోటో దుకాణం. బాపు వెంట నేను పోయాను, ఫోటో తీసే పెట్టె చూడాలని. చిన్న పటేలు అప్పటికే వచ్చి తల దువ్వుకుంటున్నాడు. బాపుకు తొడగమని తండ్రి కోటు తెచ్చాడు. బాపు తన అంగీ విప్పి నా చేతికిచ్చి, ఆ కోటు తొడుక్కున్నాడు. భుజాల దగ్గర వదులు.

ఫోటో తీసేది ఒక మరాఠీ ఆయన. మొదట బాపును కుర్చీలో, చిన్న పటేలును పక్కన నిలబెట్టాడు. బాగాలేదని మార్చాడు. కొడుకు స్టూలు మీద, తండ్రి వెనక నిలబడి కొడుకు భుజం మీద చెయ్యి వేయాలి. బాపు చెయ్యి లేపాడు. అది చిన్న పటేలు భుజానికి జానెడు దూరంలో ఆగిపోయింది. పుట్టి బుద్ధెరిగాక ఆ ఇంటి మనుషుల్ని ఆయన ముట్టుకోలేదు. ఆ ఇంట్లో నీళ్ళు కూడా దూరం నుంచి దోసిట్లో పోయించుకుని తాగినవాడు.

"కాకా, చెయ్యి ఆనించు" అన్నాడు ఫోటో ఆయన మరాఠీలో. బాపు చెయ్యి అలాగే ఉంది. ఫోటో ఆయన నల్లగుడ్డలోంచి తల బయటపెట్టి కసురుకున్నాడు. "బాప్ ఆహేస్ నా? తండ్రివేనా నువ్వు?"

చిన్న పటేలు తల తిప్పకుండా, చాలా మెల్లగా "వెయ్యి, ఏం గాదు" అన్నాడు. ఆ మాట అన్నందుకు అతని మీద నాకు కోపం లేదు. బాపు కళ్ళు మూసుకుని చెయ్యి వేశాడు. కళ్ళు మూసుకున్నందుకు ఇంకోసారి తీయాల్సి వచ్చింది. బయటికొచ్చాక నా చేతిలో అంగీ తీసుకుని తొడుక్కుంటుంటే బొత్తాలు పట్టలేదు. నేను పెట్టాను.

డాక్టర్ల ముందు దగ్గు నటించాల్సిన అవసరం బాపుకు రాలేదట. పటేలు ఊపిరితిత్తులు పాడైపోయాయని కాగితం వచ్చింది. ఆ పటేలు ఎనభై ఏళ్ళు దాటేదాకా పొలం గట్ల మీద కర్ర లేకుండా తిరిగాడు. ఉద్యోగం వదిలినందుకు రావాల్సిన పైకం కంపెనీ దగ్గర లేక పంట చేతికొచ్చేదాకా ఆగింది. వచ్చాక అది పటేలుకే చేరింది, ఎంత వచ్చిందో మాకు చెప్పలేదు. పటేలు రెండు బస్తాల వడ్లూ, ఒక పెయ్యదూడనూ పంపాడు.

దసరా పోయిన కొన్నాళ్ళకు పటేలే మా ఇంటికి వచ్చాడు. మా గడపకు అంత దగ్గరగా ఆయన రావడం అదే మొదలు. చిన్న పటేలు రెండు నెలలు చేశాడు. తర్వాత లిఫ్టులో బాయిలోకి దిగేటప్పుడు వాంతులు చేసుకుని, ఇక దిగనని ఏరు దాటి వచ్చేశాడు. తండ్రి లాగానే.

"పెద్దోన్ని పంపు" అన్నాడు పటేలు బాపుతో. "మా పిలగాని పేరు మీద పోతడు. మునుపటి లెక్కనే నాలుగో వంతు. ఇంకో కొత్త బాయి అట, మంచిగున్నదట."

అన్న కొట్టంలోంచి పరుగెత్తుకొచ్చాడు. చేతుల్లో మేకల గడ్డి అలాగే ఉంది. "నేను పోత" అన్నాడు. చెంపదెబ్బ తిన్న పిల్లవాడు, ఆ మాట విన్న పిల్లవాడు, క్షణంలో అంతా మరిచిపోయాడు.

అప్పటిదాకా వడ్లు చెరుగుతున్న అవ్వ చాట కింద పెట్టింది. పటేలు ఎదుట ఆమె ఎప్పుడూ నోరు విప్పింది లేదు.

"పంపం పటేలా" అంది. "ఈయన్ని ఇచ్చినం. ఏం మిగిలిందో నీ కండ్ల ముందటనే ఉన్నది. నా పిలగానికి నేను పెట్టుకున్న పేరున్నది. దాంతోటి బతికితె బతుకుతడు."

"కంపెనీ నౌకరి, ఆలోచన జెయ్యి. మల్ల దొరకదు."

"దొరకొద్దు."

అన్న బాపు వైపు తిరిగాడు. "బాపూ, చెప్పు! నువ్వన్న చెప్పు!" బాపు దగ్గు ఆగేదాకా గోడ పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత "మీ అవ్వ చెప్పింది గద" అన్నాడు. అంతే.

అన్న మూడు రోజులు అన్నం తినలేదు. నాలుగో రోజు పెర్మిలి వైపు వెదురు కొట్టే కూలీల లారీ పోతుంటే ఎక్కేశాడు. వానాకాలం వచ్చేదాకా ఇంటికి రాలేదు. వచ్చాక మాతో మాట్లాడాడు గానీ అవ్వతో మాత్రం చాలా ఏళ్ళు అవసరానికి మించి మాట్లాడలేదు.

బాపు ఇంకో నాలుగు వానలు చూశాడు. సిరోంచ ఆస్పత్రిలో డాక్టరు "ఏం పని చేసేవాడివి?" అని అడిగితే "ఎవుసం" అన్నాడు. వ్యవసాయం చేసేవాడికి ఇలాంటి ఊపిరితిత్తులేమిటని డాక్టరు రెండుసార్లు అడిగాడు. రెండుసార్లూ ఆ మాటే చెప్పాడు. బాయి సంగతి చెప్పడానికి నేను నోరు తెరిస్తే నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. కంపెనీ లెక్కల్లో మా బాపు ఒక్క రోజు కూడా బొగ్గు తవ్వలేదు.

చిన్న పటేలు పేరు మీద ఎగువ ఊరి మనిషి ఒకతను పోయాడు. అప్పుల్లో మునిగి ఇక లేవదనుకున్న కంపెనీ ఎప్పుడో మెల్లగా తేరుకుంది. ఆ మనిషి చివరిదాకా పని చేసి, స్లాబు ఇల్లు కట్టి, పిల్లల్ని ఇంజనీర్లను చేశాడు. ఆ ఇంటి ముందు నుంచే మా బస్సు పోతుంది. అన్న ఇరవై ఏళ్ళు వెదురు కొట్టాడు. నా టీచరు ట్రైనింగు ఆ కూలి డబ్బుతోనే అయింది. యాభై నిండకముందే ఆయన నడుం వంగింది. చూరు కింద నడవడం నేర్చుకున్నప్పుడు వంగినంతగా.

అవ్వ మంచం పట్టిన ఏడాది, ఒక మధ్యాహ్నం నేను ఆమె తల దువ్వుతున్నాను. అన్న వాకిట్లో కూర్చుని తడకకు వెదురు చీలుస్తున్నాడు. అవ్వ ఉన్నట్టుండి అడిగింది.

"ఆనాడు పంపితె మంచిగుండునా బిడ్డా?"

"లేదవ్వా. మంచిగనే జేసినవ్" అన్నాను. నలభై ఏళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పినదాన్ని, నా గొంతు నాకే నమ్మకంగా వినిపించలేదు. అవ్వకు కావలసింది నా జవాబు కాదు. ఆమె వాకిట్లోకే చూస్తోంది.

వెదురు చీలే చప్పుడు ఆగింది. అన్న లేచి, చెంబులో నీళ్ళు తెచ్చి, అవ్వ మెడ కింద చెయ్యి పెట్టి లేపి తాగించాడు. ఆయన ముఖంలోకే చూస్తూ ఆమె తాగింది. చెంబు ఖాళీ అయ్యాక కూడా కొంచెంసేపు చూసింది. అన్న ఆమె మూతి తుడిచి, మెల్లగా పడుకోబెట్టి, మళ్ళీ వాకిట్లోకి పోయి కత్తి అందుకున్నాడు.